అవకాశం ఉంది

శివరాత్రికి శివశివా అంటూ వెళ్ళిపోయిన చలి
గొడుగు మరిచిపోయిన చుట్టంలా
వారం తిరక్కుండా వెనక్కొచ్చింది.

రాత్రి పదకొండున్నర.
కిర్లంపూడి మేడ మీద
గాలిని కొలిచే మూడు గిన్నెలు
ఎంత వడ్డించినా నిండక తిరుగుతున్నాయి.
కింద నేను
రేపటిని తెలుగులోకి దించుతున్నాను.

ఇరవై రెండేళ్ళుగా నా వాక్యాలన్నీ
ఒకే గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తాయి:
తీరం వెంబడి ఈదురుగాలులు వీచే అవకాశం ఉంది.
ఏజెన్సీలో ఒకటి రెండు చోట్ల
తెల్లవారుజామున నేల మీద మంచు గడ్డకట్టే
అవకాశం ఉంది.
చుక్క పెట్టి, టీ తాగుతాను.

ఫోన్.
"అమ్మా, పెదజాలారిపేట నుంచి మైలిపల్లి పోలమ్మని.
మొన్న గాలన్నావు.
మావోడు పడవ ఒడ్డునెట్టీసి తొంగున్నాడు.
ఆకు కదిల్తే ఒట్టు.
పక్కపేటోళ్ళు ఎల్లి వంజరాలు తెచ్చుకున్నారు.
ఇయ్యాల నిజంగా వొత్తాదా,
నీ కాయితంలోనే వొత్తాదా?"

గంటకి యాభై ఐదు, అరవై కిలోమీటర్లు, అన్నాను.

"కిలోమీటర్లు నానేటి సేసుకోను?
మా వంటింటి రేకు ఎగుర్తాదా లేదా, అది సెప్పు."

నా మ్యాపులో రేకుల్లేవు.
ఒంపులు తిరిగిన గీతలున్నాయి,
సంతకం రానివాడి నిశానీలా.
అవకాశం ఉందమ్మా, అన్నాను.
ఆవిడ పెట్టేసింది.

రెండోది లంబసింగి నుంచి.
గెమ్మెలి బొంజుబాబు. వెనకెక్కడో పిల్ల దగ్గు.
పాతిక సెంట్ల స్ట్రాబెర్రీ,
ఆఖరి కోతకి ఇంకా పది రోజులు.

"మేడం, మా ఊరిని పెద్దోళ్ళు కొర్రబయలనేవోరు.
రాత్రి బయట పడుకున్నోడు
తెల్లారేసరికి కర్రయిపోతాడని.
ఇప్పుడు కార్లేసుకొచ్చి ఆ చలికి ఫోటోలు తీస్తన్నారు.
ఒక మాట అడగనా?
బ్యాంకోడు లోనుకి అవకాశం లేదంటాడు.
మా తమ్ముడికి పోస్టింగు అవకాశం లేదన్నారు.
చలికి మాత్రం మీరే
అవకాశం ఉందని రాసిస్తారు.
దానికెందుకు మేడం, అంత మంచి మాట?"

నిఘంటువు అందుకున్నాను.
ప్రమాదం అంటే జనం బెదిరిపోతారని ఆఫీసు నియమం.
సంభావ్యత అంటే నాకే నోరు తిరగదు.
ఇరవై రెండేళ్ళు
గాలివానలకీ వడగాల్పులకీ
నేను ఉద్యోగాలిస్తూ వచ్చానా?

రాత్రి మళ్ళకి తడి పెట్టు, అన్నాను.
గడ్డి కప్పు. గట్టున తుక్కు రాజెయ్యి,
పొగ పొలం మీదకి పోయేలా, గాలి వాటు చూసుకుని.

"గాలెక్కడిది? ఇక్కడ ఇప్ప మొగ్గ కూడా ఊగట్లేదు.
చుక్కలన్నీ దిగొచ్చి కూకున్నాయి.
గాలుంటే మంచెందుకు పడతాది మేడం,
మీ కాడున్నది కాస్త ఇటు తోలండి."

నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

పోలమ్మకి అక్కర్లేనిది
బొంజుబాబుకి కావాలి.
మధ్యలో నూరు కిలోమీటర్ల పైచిలుకు,
ఒక ఘాట్ రోడ్డు,
రెంటినీ ఒకే పేజీలో సర్దే నేను.

రెండున్నరకి కిటికీ రెక్క ఠపీమంది.
పై గిన్నెలు ఈలవేశాయి.
పోలమ్మ నంబరు వెతికి నొక్కాను.
"రేకు ఎగురుతుంది. రాళ్ళు పెట్టుకో. లే."
అంతే అన్నాను.
ఆ వాక్యం చివర ఏ గుమ్మమూ లేదు,
కాలు గాల్లోనే ఉండిపోయింది.

పొద్దున్న ఆరింటికి లెక్కలొచ్చాయి.
తీరంలో యాభై ఏడు. కొండ మీద సున్నా పైన ఒకటి.
బొంజుబాబు ఫోటో పంపాడు:
అరచేతిలో ఆరు పళ్ళు,
మూడు ఎర్రగా, మూడు గాజులా.
కింద ఏమీ రాయలేదు.

పోలమ్మ నుంచి ఏమీ లేదు.

డ్యూటీ దిగి బీచ్ రోడ్డు మీద నడుస్తుంటే
ఇసుకంతా తారు మీదకి వచ్చేసి ఉంది.
డివైడర్ పక్కన ఎవరిదో నీలం రేకు,
ఓ మూల మసి, వంటింటి మసి,
ఇంకా లేద్దామా అని చూస్తోంది.

ఆటోలు హారన్ కొడుతుంటే
దాన్ని పక్కకి ఈడ్చాను.
ఒడ్డు దాకా వెళ్ళి
చీర కుచ్చిళ్ళు తడుపుకుని
చేతనైనంత పెద్ద రాయి ఒకటి తెచ్చి
దాని మీద పెట్టాను.